ఇరవై ఏడో నంబరు రాళ్లకుప్ప

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదేండ్ల వయసులో, నా పెనిమిటి యోహాను పోయిన తర్వాత. ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక్క పేజీ రాయడానికి రెండు దినాలు పడుతుంది. చదివేవాళ్లు తప్పులు మన్నించి, మాట ఎటు పోతుందో అది చూడండి. ఇందులో ఎస్తేరు అని వచ్చేది నేనే. కానీ ఇది నా కథ కాదు, ఈదమ్మక్క కథ. అందుకని నన్ను కూడా పక్కింటి మనిషిని రాసినట్టు పేరు పెట్టే రాస్తున్నాను. అక్క మనసులో మాట నాకెట్లా తెలుసంటారేమో. ఆ రోజుల్లో ఇద్దరం ఒకే చోట మట్టి మోశాం. ఆ తర్వాత అక్కే చెప్పింది, ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

ఎత్తిపోతల రిజర్వాయరు కింద మా ఊరు నేరేడుకుంట మునుగుతుందని తేలిన ఏడాది ఊళ్లోకి కాగితాలు పట్టుకొని మనుషులు వచ్చారు. ఏ ఇంటికి ఎన్ని దూలాలు, ఏ బావి ఎంత లోతు, ఏ చింతచెట్టు ఎంత పాతది, అన్నీ రాసుకున్నారు. ఈదమ్మ ఇంటి ముందు ఉన్నది ఒకే ఒక కానుగచెట్టు. దాన్నీ రాశారు. రాత అయిపోయి వాళ్లు జీపు ఎక్కబోతుంటే ఈదమ్మ వెనకనే ఉరికింది.

"సారూ, ఇంకొకటి రాయాలె."

"ఏందమ్మా?"

"నా బిడ్డ."

"ఎన్నేండ్లు? ఆధార్ కార్డు ఉన్నదా?"

"లేదు సారూ. సచ్చిపోయి ముప్పై ఏండ్లాయె. గుట్ట మీద రాకాసి గుండ్ల కాడ పెట్టినం."

ఆ సారు కలానికి మూత పెట్టాడు. చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించే చెప్పాడు. "శ్మశానం ఉంటే రాస్తమమ్మా. సర్వే నంబరు ఉండాలె. గుట్టంతా పోరంబోకు. అండ్ల ఎవరు ఎవర్ని పెట్టుకున్నరో నా కాగితంల యాడ రాయాలె చెప్పు?"

జీపు పోయింది. ఈదమ్మ దుమ్ములో నిలబడి కానుగచెట్టు వైపు చూసింది. చెట్టుకున్న పాటి లెక్క బిడ్డకు లేకపాయె అనుకుంది.

రాకాసి గుండ్లంటే నేరేడుకుంట వెనక గుట్ట వాలులో గుండ్రంగా పేర్చి ఉన్న పెద్ద పెద్ద రాళ్లు. అట్లాంటి వలయాలు నలభై దాకా ఉండేవి. వాటి నడుమ చిన్న రాళ్ల కుప్పలు. మనుషులు ఎత్తగలిగే రాళ్లు కావవి, వెనకట రాకాసులు ఉండేవారట, వాళ్లు పేర్చుకున్న ఇండ్లట, అని పెద్దవాళ్లు చెప్పేవారు. మా వాడకు బొందలగడ్డ లేదు. పెద్దవాళ్లు పోతే వాగు ఒడ్డుకు తీసుకుపోయేవాళ్లం. చిన్నపిల్లలు పోతే రాకాసి గుండ్ల దగ్గర పెట్టేవాళ్లం. రాళ్ల నడుమ నక్కలు తవ్వలేవు. ఆ దారిన పోయినప్పుడల్లా తల్లి గానీ తండ్రి గానీ ఒక రాయి తెచ్చి ఆ బిడ్డ మీద వేయాలి. కట్టెలకు పోయినా, సీతాఫలాలకు పోయినా, రాయి వేయకుండా దాటగూడదు. నలుగురైదుగురు పిల్లలను పెట్టిన తల్లులు ఉండేవారు. కానీ ఏండ్లు గడిచేకొద్దీ ఆ రాళ్లు వేసే చేతులు తగ్గిపోయేవి, కుప్పలు చెదిరిపోయేవి. ముప్పై ఏండ్లు తప్పకుండా వేసింది ఈదమ్మా, ఆమె పెనిమిటి బాలస్వామి. బాలస్వామి మోకాళ్లు వంగని రోజుల్లో కూడా కర్ర పట్టుకొని, వాగులో దొరికిన తెల్లటి పలుగురాయిని జేబులో వేసుకొని గుట్టెక్కేవాడు. మా బావుల నీళ్లలో ఫ్లోరైడు, అవి మనుషుల ఎముకలను కట్టెల్లా బిగబట్టేవి. చివరికి ఆయన్ని వాగు ఒడ్డుకు మోసుకుపోయినప్పుడు కాళ్లు చాపడానికి కూడా రాలేదు.

వాళ్లకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే, ఎస్తేరు అత్త ఆ పిల్లను చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. తర్వాత పరాయిదానిలా వచ్చి, గుప్పెడు తవుడు ఇచ్చి, కుప్ప మీద దొరికిన పిల్లను కొనుక్కొని తల్లికి సాకమని ఇచ్చింది. ఎవరికీ పనికిరానిది అనుకొని చావు తొంగి చూడకుండా పోతుందని అట్లా చేస్తారు. అందుకే పెంటమ్మ అని పేరు. మూడేండ్లు చావు నిజంగానే మోసపోయింది. నాలుగో ఏడు వానాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖాన పదమూడు మైళ్లు. సగం దారిలోనే బాలస్వామి భుజం మీద పిల్ల బరువు మారిపోయింది.

ఊరు ఖాళీ చేయడానికి ఇంకా నాలుగు నెలలు ఉందనగా పాత వస్తువులు తవ్వే వాళ్లు వచ్చి గుట్ట కింద డేరాలు వేశారు. వాళ్ల పెద్ద రామచంద్రయ్య సారు. సన్నటి మనిషి, నెత్తి మీద గుడ్డ టోపీ. నీళ్లు వచ్చేలోపల గుట్ట మీద ఏముందో చూసి, తీయగలిగినవి తీసుకొని పోవాలని వాళ్ల పని. మొదట ఒక్కొక్క రాళ్లకుప్పకు తెల్ల రంగుతో నంబరు వేశారు. తర్వాత కూలికి పన్నెండు మంది ఆడవాళ్లను పిలిచారు. ఈదమ్మ, ఎస్తేరు అందరికంటే ముందు పోయి నిలబడ్డారు. గొర్లు మేపే గుట్ట పోతుందని మంద అమ్ముకున్న జానయ్య అక్కడ కావలి ఉన్నాడు.

మొదటి రోజే సారు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఇవి రాకాసుల ఇండ్లు గాదు. మన అసొంటి మనుషుల గోరీలే. రెండు వేల ఏండ్ల కింది నుంచి ఉన్నయి. వీటి లోపలి ఎముకలు, కుండలు పెట్టెలల్ల పెట్టి హైదరాబాదు తీసుకపోతం. ఒక్క మాట యాదికి పెట్టుకోండ్రి. మీరు ఈ నడుమ పెట్టుకున్న గోరీ ఏదన్న ఉంటే ముందే చెప్పండ్రి. దాన్ని మేం ముట్టుకోం. అట్లనే వదిలిపెడ్తం."

"హైదరాబాదుల యాడ పెడ్తరు సారూ?" అని అడిగింది ఈదమ్మ.

"మ్యూజియంల. పెద్ద బంగ్ల."

"అండ్లకు నీళ్లు రావు గద?"

సారు నవ్వాడు. "మేడ మీద ఉంటయమ్మా. ఫికర్ చెయ్యకు."

అప్పటికే ఈదమ్మ చూసింది. వలయాల వరుస చివర, పెంటమ్మ మీద ఉన్న రాళ్లకుప్పకు ఇరవై ఏడు అని నంబరు పడి ఉంది. ముప్పై ఏండ్లు రాయి మీద రాయి పడి ఆ కుప్ప నడుమెత్తు పెరిగింది. నాచు పట్టింది. పక్కనున్న పాతవాటికీ దానికీ తేడా తెలియడం లేదు. జానయ్య కూడా చూశాడు. సారు అటు పోగానే దగ్గరికి వచ్చాడు.

"ఏమే ఈదమ్మా, నీ బిడ్డ రాజుల కాలంల కలిసింది గద! గట్లయితే నీకెన్నేండ్లో లెక్క చెయ్యి. పింఛిని రెండు వేల ఏండ్ల సంది బాకీ ఉన్నరు నీకు."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. ఈదమ్మ కూడా నవ్వింది. సాయంత్రం గుట్ట దిగేటప్పుడు మాత్రం అందరినీ ఆపింది.

"ఎవ్వరూ చెప్పొద్దు. మీ పిల్లల మీద ఆన."

"అబద్ధం గద అక్కా," అంది ఎస్తేరు. "దేవుడు చూస్తడు."

"చూడనీ చెల్లె. నా బిడ్డ తడవకుంట చూస్తే సాలు."

ఆ పన్నెండు మందిలో ఆ కుప్ప ఎవరిదో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఒక్కరూ చెప్పలేదు.

పని చేస్తుంటే కొత్త పని కూడా అలవాటైంది. గడ్డపారతో పొడిచే పని కాదది. తాపీతో మట్టిని పొరలు పొరలుగా గీకాలి, కుంచెతో ఊడ్వాలి, ఊడ్చిన మట్టిని తట్టలకెత్తి జల్లెడ పట్టాలి. తొమ్మిదో నంబరు కింద నాలుగు పెద్ద బండలతో కట్టిన పెట్టె దొరికింది. అందులో పైన నల్లగా, కింద ఎర్రగా ఉన్న కుండలు, తుప్పు పట్టిన కత్తి, గురిగింజలంత పూసలు. ఎముకలు మాత్రం ముట్టుకుంటే పిండి అయిపోయేవి. జొన్నలు చెరిగిన చెయ్యి కాబట్టో ఏమో, ఈదమ్మకు అందరికంటే మెత్తగా పని వచ్చింది. "మా పెద్ద చదువులోళ్ల చెయ్యి కంటే ఈ చెయ్యి నయం," అని సారు నలుగురి ముందే అన్నాడు. ఆ మాటకు ఈదమ్మ పొంగలేదు. ఆ చేత్తోనే తీయాలి, ఇంకొకరి చెయ్యి పడగూడదు అనుకుంటూ ఉంది.

కానీ హోళీ దాటగానే కట్ట పోసే మిషన్లు వస్తాయని కబురు వచ్చింది. సారు మిగిలిన రోజులకు సరిపోయేటట్టు ఆరు కుప్పలు ఏరుకున్నాడు. ఆ ఆరింటిలో ఇరవై ఏడు లేదు.

ఈదమ్మ డేరా ముందు నిలబడింది. "సారూ, ఇరవై ఏడు తియ్యరా?"

"అది చిన్నది గదమ్మా. రాళ్లు గూడ సక్కగ లేవు. టైం లేదు."

"చిన్నదే గని సారూ..." ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. "మా అవ్వ చెప్పేది. అండ్ల ఒక దొరసాని బిడ్డ ఉన్నదని."

కలుపు తీసే చోట కూడా ఇంకొకరి సాలు నాది అనని మనిషి అంత అబద్ధం ఎట్లా ఆడిందో ఆమెకే తెలియదు. సారు టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. నమ్మలేదు. అప్పుడు గుంజకు ఆనుకొని బీడీ తాగుతున్న జానయ్య దగ్గి ముందుకు వచ్చాడు.

"అవు సారూ. మా తాత గూడ చెప్పేటోడు. దొరసాని బిడ్డనే. గొర్లను ఆ పక్కకు పోనిచ్చేటోడు గాదు."

ఇద్దరు చెప్పేసరికి సారు మెత్తబడ్డాడు. "సరే. అన్నిటికంటే ఆఖరుకు, రెండు రోజులు. రెండే."

బయటికి వచ్చాక ఈదమ్మ జానయ్యకు దండం పెట్టబోయింది. "చాల్లే, దొరసాని తల్లివి," అని ఆయన మొహం తిప్పుకొని పోయాడు.

ఇంటి దారిలో ఈదమ్మ ఉన్నట్టుండి నిలబడిపోయింది. "ఎస్తేరూ, గిన్నె!"

పెంటమ్మను పెట్టిన రోజు బాలస్వామి ఇంటికి పరుగెత్తి పిల్ల జొన్న గట్క తాగే సత్తుగిన్నె తెచ్చి తల పక్కన పెట్టాడు. ఆడ ఆకలైతే దేంట్ల తాగుతదే, అన్నాడట. ఆ గిన్నె కనబడితే అంతే. రాజుల కాలంలో సత్తు, అంటే అల్యూమినియం, లేదని గొర్లకాపరికి కూడా తెలుసు. సారు చూడకముందే ఆ గిన్నెను తీసి మట్టి తట్టలో దాచాలి, ఎస్తేరు తట్ట ఎత్తుకొని పోవాలి. ఇద్దరూ అనుకున్నారు.

మొదటి రోజు పైరాళ్లు తీయడంతోనే పోయింది. ముప్పై ఏండ్ల రాళ్లు ఒక్క దినంలో పక్కకు పోయాయి. ఈదమ్మ కొన్నింటిని గుర్తుపట్టింది. ఇది పక్కింటి మల్లీశ్వరి పెండ్లి ఏడు వేసింది. ఇది కరువు వచ్చి ముంబయి పోయే ముందు వేసింది. బాలస్వామి తెచ్చిన తెల్ల పలుగురాళ్లను మాత్రం ఏరి విడిగా పెట్టింది. సారు చూసి, "ఇవెందుకు విడిగ?" అంటే, "మంచిగున్నయని," అంది.

రెండో రోజు పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు సారు తిండికి డేరాలోకి పోయాడు. ఈదమ్మ తినడానికి లేవలేదు. తాపీ అంచుకు ఏదో టంగుమని తగిలింది. చేత్తో మట్టి తోసింది. సొట్టపోయిన గిన్నె అంచు. ఆ సొట్ట పెంటమ్మ కోపం వచ్చి గడపకేసి కొట్టినప్పుడు పడింది. ఈదమ్మ దాన్ని రెండు చేతులతో పైకి తీసి తట్టలో పెట్టి మీద మట్టి కప్పింది. ఎస్తేరు తట్ట నెత్తికెత్తుకుంది. జల్లెడ దగ్గరికి పోకుండా పది అడుగుల దూరంలోనే తట్ట దించుకొని నిలబడింది.

సారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఈదమ్మ కుంచెతో ఊడుస్తూ ఉంది. తలకు నీళ్లు పోసినప్పుడు కండ్లలో పడకుండా నుదుటికి అడ్డం పెట్టే చెయ్యి ఉంటుంది చూడండి, ఎడమ చెయ్యి అట్లా పెట్టి కుడి చేత్తో ఊడ్చింది. వడ్లగింజలంత పాలపండ్లు కనబడ్డాయి. చిన్న చిన్న వేళ్ల ఎముకలు కనబడ్డాయి. సారు గుంత అంచున గొంతుకూర్చున్నాడు.

"ఎముకలు ఇంత గట్టిగున్నయేంది? ఈ మట్టి గుణమేమో," అని తనలో తానే అనుకున్నాడు. నోటుబుక్కు తీసి, రాసేది పైకి చదువుతూ రాయడం ఆయన అలవాటు. "ఇరవై ఏడు. చిన్నపిల్ల. మూడు నాలుగేండ్లు. కుండ లేదు. పూస లేదు. ఇనుము లేదు." కలం ఆపి గుంతలోకి చూశాడు. "దొరసాని బిడ్డ అంటివి ఈదమ్మా. పాపం, మిగతోళ్లకు ఎన్ని పెట్టిన్రు! ఈ పిల్లకు ఒక్క ముంత గూడ పెట్టలే. ఎవరికీ పట్టని పిల్లయి ఉంటది."

ఆయన కడుపులో ఏమీ పెట్టుకొని అనలేదు. జాలిపడే అన్నాడు.

ఈదమ్మ చేతిలో కుంచె ఆగింది. చాటలో వేసి, తవుడుకు కొని, పెంట అని పిలిచి, ఎవరికీ పట్టని పిల్లలా కనబడాలని ఎంత చేశారు! ఆ మాట చావు అనాలని. ఇప్పుడు ఈ మంచి మనిషి అంటున్నాడు. కాగితం మీద పడిపోతుంది. పెట్టె మీద ఆ మాటే అంటిస్తారు. ఊరుకుంటే చాలు, సాయంత్రానికి బిడ్డ దూదిలో పడుకొని హైదరాబాదు పోతుంది. మేడ మీద తడవకుండా ఉంటుంది. తల్లీ తండ్రీ లేని పిల్లలా, ఆకలికి గిన్నె కూడా లేని పిల్లలా ఉంటుంది.

"ఎస్తేరూ," అని పిలిచింది. "తట్ట ఇటు తే."

ఎస్తేరు కదల్లేదు. "అక్కా, వద్దే."

"తే చెల్లె."

తట్ట గుంత అంచున పెట్టగానే ఈదమ్మ మట్టిలో చెయ్యి పెట్టి గిన్నె తీసింది. కొంగుతో తుడిచింది. తీసిన చోటనే, తల పక్కన, మళ్లీ పెట్టింది.

"అట్ల అనకు సారూ. పెట్టినం. ఆకలైతదని పెట్టినం."

గుట్ట మీద జల్లెడ చప్పుడు ఆగిపోయింది. సారు వంగి ఆ గిన్నె అంచును వేలితో తాకాడు.

"ఇది సత్తుగిన్నె," అన్నాడు.

"అవు సారూ."

"ఎవరిది?"

"నా బిడ్డది. పెంటమ్మ. గీ సొట్ట అదే కొట్టింది."

సారు నెత్తి మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మొదట్లనే ఎందుకు చెప్పలే తల్లీ?"

"చెప్తె ముట్టుకోం, అట్లనే వదిలిపెడ్తం అంటివి గద సారూ."

సారు నోటుబుక్కు మూశాడు. "తెలియకపోతే తీసుకపోదును. తెలిసినంక అబద్ధం రాయలేను," అన్నాడు. "పెట్టె ఇస్త. దూది ఇస్త. నీ కొత్త ఇంటికాడ పెట్టుకో."

ఈదమ్మ ఆలోచించింది. కాలనీలో ఇచ్చిన జాగా ఆమె చూసి వచ్చింది. గోడకు గోడ, గుమ్మానికి ఎదురు గుమ్మం. బొందలగడ్డ ఎక్కడో ఇంకా తేల్చలేదు. ఎవరి గుమ్మం ముందు తవ్వాలి? తవ్వితే ఎవరు ఊరుకుంటారు?

"వద్దు సారూ. ఆళ్ల నాయిన వాగు ఒడ్డుకున్నడు. ఆడికి గూడ నీళ్లే వస్తయి. ఇద్దరు ఒక్క నీళ్ల కిందనే ఉండనీ."

గుంతను ఆమే పూడ్చింది. పారతో కాదు, దోసిళ్లతో. పన్నెండు మందీ ఒక్కొక్క రాయి తెచ్చి వేశారు. జానయ్య వేశాడు. ఆ రోజు ఒక్క ఎగతాళి మాట కూడా అతని నోట రాలేదు. సారు ఆఖరున ఒక రాయి తెచ్చాడు, ఎక్కడ పెట్టాలో తెలియక ఈదమ్మ వైపు చూశాడు. ఆమె చూపించిన చోట పెట్టాడు. బాలస్వామి తెల్లరాళ్లు అన్నిటికంటే పైన పెట్టారు. తర్వాత సారు తాపీతో ఇరవై ఏడు నంబరును గీకాడు. రంగు మొత్తం పోలేదు.

హోళీ తర్వాత మిషన్లు వచ్చాయి. ఆ మరుసటి వానాకాలం నీళ్లు వచ్చాయి. ముందు వాగు ఒడ్డు పోయింది, తర్వాత వాడ పోయింది, కానుగచెట్టు పోయింది. గుట్ట వాలు ఎక్కడానికి నీళ్లకు ఇరవై రోజులు పట్టింది. ఈదమ్మ ప్రతి రోజూ కట్ట మీదికి పోయి నిలబడేది. ఇప్పుడు మోకాళ్లు సహకరించక అమాసకొకసారే పోతుంది, ఎస్తేరు చెయ్యి పట్టుకొని. కట్ట మీద కంకర కుప్పల్లోంచి ఒక రాయి ఏరుకొని నీళ్లలోకి విసురుతుంది. అది గుట్ట దాకా పోదు. కట్ట అంచునే పడుతుంది.

పోయిన ఏడు రామచంద్రయ్య సారు పంపించాడని ఒక పుస్తకం వచ్చింది. నేరేడుకుంట గుట్ట మీద తవ్విన సంగతులన్నీ అందులో ఉన్నాయి. ఎస్తేరు వేలు పెట్టి కూడబలుక్కుంటూ నంబర్ల వరుస చదివింది.

"ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది."

"నడుమ?"

"ఏం లేదక్కా. జర జాగా ఇడిసిపెట్టిండు, అంతే."

ఈదమ్మ ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టించుకుంది. తర్వాత, "నీకు రాత వచ్చె గద. పేరు రాయి," అంది.

ఎస్తేరు పెన్సిలుతో ఆ ఖాళీలో పెంటమ్మ అని రాసింది. చాలాసేపు పట్టింది. ఈదమ్మ పక్కనే కూర్చొని, అక్షరాలు తెలియకపోయినా, పెన్సిలు ఆగేదాకా చూసింది.

"అయిపాయెనా?"

"అయిపాయె."

"పక్కన గిన్నె గూడ రాయి చెల్లె. సత్తుగిన్నె పెట్టిన్రని రాయి."

ఎస్తేరు,
అరవై రెండేండ్లు,
నేరేడుకుంట పునరావాస కాలనీ,
మర్రిగూడ దగ్గర, నల్లగొండ జిల్లా.